ఆకురాలు కాలంలో ఫొటోల కోసం రోడ్ ట్రిప్: రూట్ ఎలా వేసుకోవాలి?

నీలిమేఘం:

అందరికీ నమస్కారం. ఈ అక్టోబర్‌లో నాకూ మా ఆవిడకీ కలిపి ఓ వారం సెలవు దొరికింది. కారేసుకుని కొండల వైపు వెళ్లి, ఆకులు రంగు మారే సమయంలో అడవులు, సరస్సులు, జలపాతాలు ఫొటోలు తీయాలని నాకు చాలా ఏళ్లుగా కోరిక. ఇన్నాళ్లకి కుదిరింది కాబట్టి సరిగ్గా ప్లాన్ చేసుకుని వెళ్దామని అడుగుతున్నాను.

ఇప్పటికి మ్యాప్ మీద గీసుకున్నది ఒక పెద్ద చుట్టు. రోజుకి 350 నుంచి 400 కిలోమీటర్ల డ్రైవింగ్, ప్రతి రాత్రీ కొత్త ఊళ్లో బస, దారిలో సరస్సులు, జలపాతాలు, ఒక ఎత్తైన కనుమ, ఇంకా పేరున్న వ్యూపాయింట్లు ఎన్ని వస్తే అన్ని. చూడ్డానికి ప్లాన్ బాగానే ఉంది కానీ ఒకటే టెన్షన్. రంగులు పీక్‌కి ఎప్పుడొస్తాయో ఒక్కో చోట ఒక్కోలా రాస్తున్నారు, ఒకరు నెల మొదట్లో అంటే ఇంకొకరు మూడో వారం అంటున్నారు. నా సెలవు తేదీలేమో మారవు. మేం వెళ్లేసరికి అంతా పచ్చగానే ఉంటే? లేదా అప్పటికే రాలిపోయి మోళ్లు మిగిలితే?

నా దగ్గర ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరా, 24-105 మి.మీ. జూమ్ లెన్స్, ఓ మాదిరి ట్రైపాడ్ ఉన్నాయి. ల్యాండ్‌స్కేప్ కదా అని 16-35 లాంటి వైడ్ లెన్స్ (ఇంకా వెడల్పైన దృశ్యాన్ని పట్టేది) ఒకటి అద్దెకి తీసుకుందామనుకుంటున్నాను, అవసరమంటారా? ఇంకో మాట, మా ఆవిడ ఫొటోలు తీయదు. తనకి నడక ఇష్టం, పక్షులు ఇష్టం, కానీ నేను ఒకే చెట్టు దగ్గర గంటసేపు నిలబడితే తనకెంత విసుగో నాకు తెలుసు. ట్రిప్ ఇద్దరికీ బాగుండాలి. రూట్ గురించి, లెన్స్ గురించి, ఇంకా నేను అడగనివి ఏమున్నా చెప్పండి.

కొండగాలి:

ముందు రూట్ సంగతే చెప్తాను, ఎందుకంటే మీ తేదీల టెన్షన్ కూడా అక్కడే తీరుతుంది.

మీరు ఎంత దూరం తిరగాలా అని లెక్కేస్తున్నారు, ఎంత ఎత్తు ఎక్కి దిగాలా అని లెక్కేయండి. పైకి వెళ్లే కొద్దీ చల్లబడుతుంది, సగటున ప్రతి 1000 మీటర్లకి 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. అందుకే రంగు ముందు కొండల పైభాగాన మొదలై రోజురోజుకీ కిందికి దిగుతూ చివరికి లోయల్లోకి వస్తుంది. 400 మీటర్ల ఎత్తులో లోయ, 1500 మీటర్ల దగ్గర కనుమ ఉన్న కొండ రోడ్డు ఒక్కటి పట్టుకున్నారనుకోండి, తేదీ వారం అటూ ఇటూ అయినా ఆ రోడ్డు మీద ఎక్కడో ఒకచోట రంగు నిండుగా దొరికే అవకాశం చాలా ఎక్కువ. పైన రాలిపోతే మధ్యలో ఉంటుంది, మధ్యలో ఇంకా పచ్చగా ఉంటే పైన ఉంటుంది. అమెరికాలో బ్లూ రిడ్జ్ పార్క్‌వే అని 469 మైళ్ల రోడ్డుంది, సుమారు 200 మీటర్ల ఎత్తు నుంచి 1800 మీటర్లు దాటే దాకా ఎక్కుతుంది కాబట్టి అక్కడ రంగుల కాలం వారాల తరబడి సాగుతుంది. మీరు వెళ్లే చోట అంత పెద్ద రోడ్డు అక్కర్లేదు, ఎత్తులో తేడా ఉంటే చాలు.

ఇక ఆ 400 కిలోమీటర్ల లెక్క. కొండ రోడ్ల మీద సగటు వేగం గంటకి 50 కంటే ఎక్కువ రాదు, మలుపులు, ట్రాఫిక్, మధ్యలో ఆగడాలు. అంటే రోజుకి 8 గంటలు కారులోనే. అక్టోబర్ మధ్యలో సమశీతోష్ణ ప్రాంతాల్లో పగలు 11 గంటలకి అటూ ఇటూగా ఉంటుంది. ఇంక మిగిలేది ఎంత? అందులోనూ మంచి వెలుతురు ఉండే పొద్దున, సాయంత్రం వేళల్లోనే మీరు ఊళ్లు మారుతూ ఉంటారు. నా మాట వింటే ఆ చుట్టు మానేసి రెండే బసలు పెట్టుకోండి, ఒకటి లోయలో సరస్సు దగ్గర, రెండోది కనుమకి దగ్గరగా. రోజుకి 80, 100 కిలోమీటర్లు మించకుండా తిరగండి. అదే చెట్ల వరుసని పొద్దున మంచులో, మధ్యాహ్నం ఎదురెండలో, మరుసటి రోజు మబ్బులో చూస్తే వేరే వేరే ఫొటోలు వస్తాయి. అలా మళ్లీ మళ్లీ వెళ్లడంలో ఉన్న ఆనందం, ఒక వ్యూపాయింట్‌లో పది నిమిషాలు ఆగి పరుగెత్తడంలో నాకెప్పుడూ దొరకలేదు.

పీక్ తేదీలు ఎందుకు కలవవంటే, రంగులన్నీ ఒకే తీరుగా రావు. పసుపు, నారింజ ఇచ్చే కెరోటినాయిడ్లు ఆకులో ముందు నుంచే ఉంటాయి, పగలు కురచయ్యే కొద్దీ చెట్టు క్లోరోఫిల్ తయారీ తగ్గించేసి, ఉన్నది విరిగిపోతుంటే అవి బయటపడతాయి. అందుకే బర్చ్, ఆస్పెన్ చెట్ల పసుపుని చాలావరకు నమ్మొచ్చు. ఎరుపు అలా కాదు. దాన్నిచ్చే ఆంథోసయనిన్లని ఆకు అప్పటికప్పుడు, తనలో మిగిలిన చక్కెరలతో తయారు చేసుకుంటుంది, దానికి పగలు మంచి ఎండ, రాత్రి చలి ఉండాలి, అయితే గడ్డకట్టేంత చలి ఉండకూడదు. గట్టిగా గడ్డకడితే ఆకు మాడి గోధుమరంగుకి తిరుగుతుంది. పెద్ద గాలివాన వస్తే ఒక్క రాత్రిలో కొమ్మలు ఖాళీ. ఇవన్నీ నెల ముందు ఎవరూ చెప్పలేరు, కాబట్టి ఆ అంచనాల కోసం బుర్ర పాడు చేసుకోకండి.

దానికంటే బయల్దేరే వారంలో సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు చూడండి. యూరప్ వాళ్ల కోపర్నికస్ కార్యక్రమం కింద ఉచితంగా దొరుకుతాయి, ఒక్కో పిక్సెల్ 10 మీటర్లు, దాదాపు 5 రోజులకొకసారి అదే చోటి బొమ్మ వస్తుంది. మబ్బు లేని రోజుది దొరికితే ఏ వాలు ఎర్రబడింది, ఏది ఇంకా పచ్చగా ఉంది అన్నది ఇంట్లో కూర్చునే కనిపిస్తుంది. కొండ రోడ్ల మీద వెబ్‌క్యామ్‌లు ఉంటే అవి ఇంకా మేలు, ఇవాళ్టి పరిస్థితి చూపిస్తాయి.

వెనుకవెలుగు:

కొండగాలి గారు రూట్ గురించి చెప్పిన ప్రతి మాటతో ఏకీభవిస్తాను. నేను లెన్స్ గురించి, వెలుతురు గురించి.

వైడ్ లెన్స్ అద్దెకి తీసుకోకండి. ఆ డబ్బుతో మంచి సర్క్యులర్ పోలరైజర్ (లెన్స్ ముందు బిగించి తిప్పే, మెరుపుని తగ్గించే ఫిల్టర్) కొనుక్కోండి, మీ 24-105కి సరిపోయే సైజుది. రంగుల అడవిలో వైడ్ పెడితే సగం ఫ్రేమ్ తెల్లటి ఆకాశం, మిగతా సగం చిందరవందర కొమ్మలు. ఫాల్ కలర్స్‌లో నాకు నచ్చిన ఫొటోల్లో ఎక్కువ భాగం 70 మి.మీ. పైనే తీసినవి, ఎదురు వాలు మీద పచ్చటి దేవదారుల మధ్య ఒక్క పసుపు చెట్టు, నల్లటి నీడ ముందు తెల్లటి బర్చ్ కాండాల వరుస, ఇలాంటివి. అద్దెకి తీసుకునేదే అయితే దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపే టెలీ లెన్స్, 70-200 లేదా 100-400 తీసుకోండి.

పోలరైజర్ అంటే చాలామంది ఆకాశం నీలంగా రావడానికే అనుకుంటారు. ఆకుల మీద, ముఖ్యంగా తడి ఆకుల మీద ఒక తెల్లటి మెరుపు ఉంటుంది, అది అసలు రంగుని కప్పేస్తుంది. పోలరైజర్ తిప్పుతూ వ్యూఫైండర్‌లో చూస్తే ఆ మెరుపు పోయి కింద ఉన్న ఎరుపు బయటపడటం కళ్లముందే తెలుస్తుంది. మబ్బు రోజున కూడా ఇది పనిచేస్తుంది. తర్వాత కంప్యూటర్‌లో ఏ స్లైడర్‌తోనూ దీన్ని పూర్తిగా తెచ్చుకోలేం, ఎందుకంటే మెరుపు కింద రంగు రికార్డే కాలేదు. ఒకటి నుంచి రెండు స్టాప్‌ల వెలుతురు తింటుంది (ఒక్కో స్టాప్ అంటే వెలుతురు సగం లేదా రెట్టింపు కావడం), అది గుర్తుంచుకోండి. నీటిలో ప్రతిబింబం కావాలంటే మాత్రం తిప్పేటప్పుడు జాగ్రత్త, ప్రతిబింబమే మాయమైపోతుంది.

ఎక్స్‌పోజర్ విషయంలో రెండు సంగతులు. పసుపు చెట్లు ఫ్రేమ్ నిండా ఉంటే కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ వాటిని చీకటి చేస్తుంది, ఎక్స్‌పోజర్‌ని కొంచెం ప్లస్‌కి పెంచాలి. ఎర్రటి మేపుల్ మీద ఎండ పడుతుంటే దీనికి ఉల్టా, మామూలు హిస్టోగ్రామ్ (వెలుగునీడల గ్రాఫ్) బాగానే కనిపిస్తుంది కానీ ఎరుపు ఛానల్ ఒక్కటే నిండిపోయి ఆకు ఈనెలు కనపడకుండా ఒక ముద్దగా మారుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ ఆన్ చేసి ఎరుపుని విడిగా చూడండి. రంగుల వెచ్చదనాన్ని కెమెరాయే సర్దే ఆటో వైట్ బ్యాలెన్స్ చాలాసార్లు ఆ వెచ్చదనాన్నే తప్పని అనుకుని చల్లబరిచేస్తుంది, డేలైట్‌లో పెట్టేసి రా ఫైల్స్ (కెమెరా మార్పులు చేయకుండా దాచే ఫొటోలు) తీయండి, తర్వాత మీ ఇష్టం.

వెలుతురు ఎటు నుంచి పడాలి అంటే, ఆకులకి వెనుక నుంచి. ఆకు పలచగా ఉంటుంది, సూర్యుడు దాని వెనక ఉంటే దీపం ముందు పట్టుకున్న రంగు కాగితంలా వెలుగుతుంది. అదే ఆకుని ఎండ ముందు నుంచి పడుతుండగా తీస్తే చదునుగా, పాలిపోయి ఉంటుంది. ఎండగా ఉన్న రోజు చెట్టు చుట్టూ ఒకసారి నడవండి, అవతలి పక్కకి వెళ్లేసరికి అది వేరే చెట్టులా కనిపిస్తుంది. లెన్స్ హుడ్ పెట్టండి, చాలకపోతే చేత్తో నీడ పట్టండి. మబ్బు రోజైతే అడవి లోపలికి వెళ్లండి, ఆకాశాన్ని ఫ్రేమ్‌లోకి రానివ్వకండి. మబ్బు రోజున వ్యూపాయింట్‌లో నిలబడి నిట్టూర్చే వాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది, వాగు పక్కన దిగితే ఆ రోజే అత్యుత్తమ వెలుతురు.

జలపాతం దగ్గర షటర్ పావు సెకను నుంచి ఒక సెకను మధ్య పెట్టి చూడండి. జలపాతం కింద మడుగులో రాలిన ఆకులు మెల్లగా తిరుగుతుంటాయి, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ ఉంటే 15, 20 సెకన్లు ఎక్స్‌పోజ్ చేయండి, ఆకులు గీతలుగా, వలయాలుగా వస్తాయి. 10 స్టాప్‌ల ఎన్‌డీ ఉంటే 1/60 సెకను కాస్తా దాదాపు 17 సెకన్లు అవుతుంది. గాలి ఉంటే మాత్రం చెట్లకి ఇది పనికిరాదు. అప్పుడు ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 800, 1600 దాకా పెంచడానికి వెనకాడకుండా 1/250 దగ్గర తీయండి. కదిలిపోయిన ఆకుల కంటే ఫొటోలో కాస్త నాయిస్ (గరుకుదనం) నయం.

తొలిమంచు:

వైడ్ లెన్స్ వద్దు అన్నదానికి నాది కొంచెం వేరే అభిప్రాయం. వాగు మధ్యలో నాచు పట్టిన రాయి మీద రెండు ఎర్రటి ఆకులు, వెనకాల జలపాతం, ఇలాంటి ఫ్రేమ్‌కి 18, 20 మి.మీ. కావాల్సిందే, రాయికి బాగా దగ్గరగా వెళ్లి తీయాలి. చెట్ల కింద పడుకుని పైకి తీసే ఫొటో కూడా అంతే. కానీ మీ దగ్గర 24 ఉంది కాబట్టి దానితో సర్దుకోవచ్చు, ఒకటే తీసుకోవాలంటే నేనూ టెలీకే ఓటేస్తాను. పోలరైజర్ వైడ్‌లో వాడితే ఆకాశం ఒక పక్క ముదురుగా, ఇంకో పక్క లేతగా వస్తుంది, అదొకటి చూసుకోండి.

పొగమంచు గురించి ఎవరూ చెప్పలేదు, నాకు ఈ కాలంలో అన్నిటికంటే ఇష్టమైంది అదే. వాన పడి ఆగాక, రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి లేకపోతే, తెల్లవారేసరికి లోయల్లో, నదుల వెంట పొగమంచు పేరుకోవడానికి మంచి అవకాశం. వాతావరణ యాప్‌లో ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత) రెండూ దగ్గరదగ్గరగా వస్తున్నాయా అని రాత్రి పడుకునే ముందు చూడండి. వస్తుంటే అలారం పెట్టండి. కింద లోయలో ఏమీ కనపడకపోయినా కారులో కాస్త పైకి ఎక్కితే మంచు పైనుంచి చూసే చోటు దొరకొచ్చు, చెట్ల కొసలు మాత్రం రంగురంగులుగా బయటికి కనిపిస్తాయి. సూర్యుడు వచ్చాక ఒకటి రెండు గంటల్లో కరిగిపోతుంది, ఆ కరిగే అరగంటే అసలు సమయం, చెట్ల మధ్య నుంచి కిరణాలు దిగుతాయి. మంచులో మీటర్ మోసపోతుంది, ఎక్స్‌పోజర్ ముప్పావు నుంచి ఒక స్టాప్ పెంచండి.

బుకింగ్ విషయం. రెండు బసల్లో మొదటిది ఖరారు చేసి, రెండోది క్యాన్సిల్ చేసుకునే వీలుతో పెట్టుకోండి. రంగు పైనుంటే పైకి, కిందుంటే కిందికి జరగొచ్చు.

కొండగాలి:

తొలిమంచు గారూ, వారాంతాల్లో ఈ సీజన్‌లో కొండల్లో గదులు దొరకడం చాలా కష్టం, అప్పటికప్పుడు వెతుక్కుంటూ సాయంత్రం వెలుతురంతా ఫోన్‌లోనే పోతుంది. నేనైతే రెండూ ముందే ఖరారు చేసి, ఏ రోజు ఎటు వెళ్లాలన్నది మాత్రం ముందు రాత్రి తేల్చుకోమంటాను. ఎత్తులో తేడా ఉన్న చోట బస పెట్టుకుంటే రంగు కోసం గది మారాల్సిన పని ఉండదు.

స్టీరింగ్ నాదే:

ఫొటోల గురించి చెప్పేవాళ్లు ఉన్నారు కాబట్టి నేను కారు గురించి మాట్లాడతాను. దయచేసి ఇది పక్కన పెట్టేయకండి.

తడిసిన ఆకులు రోడ్డు మీద పరిచి ఉంటే బ్రేక్ సరిగ్గా పట్టదు, జారుతుంది. పైగా కింద గుంత ఉందో, లేన్ గీత ఎక్కడుందో కనపడదు. మలుపుకి ముందే వేగం తగ్గించండి, మలుపులో బ్రేక్ తొక్కకండి. పొద్దున్నే బయల్దేరతారు కదా, గాలి ఉష్ణోగ్రత సున్నాకి ఒకటి రెండు డిగ్రీలు పైన చూపిస్తున్నా వంతెనల మీద మంచు పొర ఉండొచ్చు, కింద నుంచి కూడా గాలి తగులుతుంది కాబట్టి అవి మామూలు రోడ్డు కంటే ముందు గడ్డకడతాయి. నల్లటి తారు మీద ఆ పొర అసలు కనపడదు. పొగమంచులో హై బీమ్ వేస్తే ఆ వెలుతురు తిరిగి మీ కళ్లలోకే వస్తుంది, లో బీమ్, ఉంటే ఫాగ్ ల్యాంపులు.

జింకలకి ఇది జతకట్టే కాలం, తెల్లవారుజామున, చీకటిపడేటప్పుడు రోడ్లు దాటుతూ ఉంటాయి. సరిగ్గా మీరు కూడా అదే వేళల్లో తిరుగుతుంటారు. ఒకటి దాటిందంటే వెనక ఇంకొకటి ఉందనే అనుకోండి. ఈ కాలంలో సూర్యుడు కిందుగా ఉంటాడు, ఎదురెండకి అద్దం మీద చిన్న మరక కూడా తెరలా అడ్డొస్తుంది, కాబట్టి ముందద్దం లోపలా బయటా తుడవండి, వైపర్ నీళ్లు నింపుకోండి. ఊళ్లో 25 డిగ్రీల దగ్గర నింపిన టైర్లు కొండ మీద 5 డిగ్రీలకి వెళ్లేసరికి చలి వల్ల గాలి ఒత్తిడి 3 పీఎస్‌ఐ దాకా తగ్గొచ్చు, చలిలో మళ్లీ చెక్ చేయించండి. ఎత్తైన కనుమలు మొదటి మంచు పడగానే మూసేస్తారు, రోజూ పొద్దున రోడ్డు స్థితి చూసుకుని, ఇంకో దారి ఏదో ముందే తెలిసి ఉండాలి. సిగ్నల్ ఉండదు, ఆఫ్‌లైన్ మ్యాప్ దింపుకోండి. ట్యాంకు సగానికి రాగానే నింపేయండి.

అన్నిటికంటే ముఖ్యం, అందమైన చెట్టు కనిపించగానే మలుపులో ఆపేయడం. రంగుల సీజన్‌లో నన్ను భయపెట్టేది ఇదొక్కటే, ముందు కారు ఉన్నట్టుండి ఆగుతుంది, డ్రైవర్ తలుపు తీసుకుని రోడ్డు మీదికి దిగుతాడు. కారు పూర్తిగా రోడ్డు దిగి ఆపే చోటు ఉంటేనే ఆపండి. లేకపోతే ముందుకెళ్లి నడిచి రండి. నడిపేవాళ్లు దృశ్యాలు వెతక్కూడదు, పక్క సీట్లో వాళ్లు వెతికి ఫోన్ మ్యాప్‌లో గుర్తు పెట్టాలి. ఇంకొకటి, చాలా చోట్ల ఇది వేట సీజన్ కూడా, అడవిలోకి నడిచి వెళ్తుంటే ఇద్దరూ కాషాయంలా మెరిసే ఆరెంజ్ జాకెట్ లేదా టోపీ వేసుకోండి.

పక్షులదారి:

నేను ఫొటోలు తీయను, ఫొటోలు తీసే మనిషితో తిరుగుతాను. కాబట్టి మీ ఆవిడ తరపున మాట్లాడే హక్కు నాకుందనుకుంటున్నాను.

గంటసేపు ఆగడం కాదండీ విసుగు, ఎంతసేపు ఆగాలో తెలియకపోవడం విసుగు. "రెండు నిమిషాలు" అని నలభై నిమిషాలు నిలబెట్టకండి. గంట కావాలంటే గంట అని ముందే చెప్పండి, ఆ గంటలో నేను ఒక చుట్టు నడిచి వస్తాను, బైనాక్యులర్స్‌తో కూర్చుంటాను. మా ఇంట్లో ఇది మాట్లాడుకున్నాక ట్రిప్పుల రుచే మారిపోయింది. కారు తాళాలు ఇద్దరి దగ్గరా చెరొకటి ఉండాలి, చలేస్తే తను వెళ్లి కూర్చోవచ్చు. ఫోన్లు పనిచేయని చోట ఏ టైముకి ఎక్కడ కలవాలో ముందే అనుకోండి.

ఫొటోల కోసం చోట్లు ఎంచుకునేటప్పుడు, మొదలైన చోటికే తిరిగొచ్చే నడకదారి ఉన్న సరస్సుల్ని ఎంచుకోండి. మీరు ఒడ్డున ట్రైపాడ్ దగ్గర ఉంటారు, తను చుట్టు తిరిగి వస్తుంది. పక్షులు ఇష్టమన్నారు కదా, ఇది వలసల కాలం, బాతులు, హంస జాతి పక్షులు గుంపులు గుంపులుగా సరస్సుల్లో దిగుతాయి. ఆకులు పలచబడ్డాక కొమ్మల్లో చిన్న పక్షులు కూడా ఎండాకాలం కంటే తేలిగ్గా కనపడతాయి. ఓక్ చెట్ల కింద కాసేపు కదలకుండా కూర్చుంటే జే పక్షులు ఓక్ గింజలు ఎత్తుకెళ్లి చలికాలం కోసం నేలలో దాచుకోవడం చూడొచ్చు. 8 రెట్లు పెద్దగా చూపే 8x42 బైనాక్యులర్ ఒకటి తనకి కొనిపెట్టండి, మీ పోలరైజర్ బడ్జెట్‌లో కొంచెం తగ్గినా పర్లేదు.

రోజూ తెల్లవారకముందే లేపకండి. ఒక రోజు పొద్దున మీది, ఒక రోజు తనది. మధ్యాహ్నం ఎండ గట్టిగా ఉన్నప్పుడు మీకెలాగూ పెద్దగా ఫొటోలు రావు, ఆ వేళంతా కెమెరా కారులో పెట్టి తనతో నడవండి. సాయంత్రానికి కావాల్సిన చోట్లు ఆ నడకలోనే కనపడతాయి.

నీలిమేఘం:

ఇన్ని విషయాలు వస్తాయని అనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. పక్షులదారి గారి జవాబు మా ఆవిడకి చదివి వినిపించాను, "ఈవిడెవరో నాకు ఇప్పుడే నచ్చేసింది" అంది.

చుట్టు రద్దు. ఎత్తులు చూస్తూ మళ్లీ వెతికితే ఒక లోయ దొరికింది, కింద ఉత్తర దక్షిణాలుగా పొడవుగా సాగే సరస్సు, అక్కడి నుంచి కనుమకి దాదాపు 1100 మీటర్ల ఎక్కుడు. కింద ఒక బస, పైన ఒక బస ఖరారు చేశాను. వైడ్ లెన్స్ మానేశాను, పోలరైజర్, 70-200 అద్దె, బైనాక్యులర్ ఖాయం. ఇంకో రెండు సందేహాలు. వారంలో రెండు రోజులు వాన పడితే ఏం చేయాలి, కెమెరా తీయొచ్చా? సరస్సులో కొండల ప్రతిబింబం తీయాలంటే పొద్దున ఏ ఒడ్డున ఉండాలి?

వెనుకవెలుగు:

వాన పడితే ఇంకా మంచిది. తడిసిన చెట్టు కాండాలు నల్లబడతాయి, వాటి పక్కన పసుపు ఆకులు రెట్టింపు మెరుస్తాయి, పోలరైజర్ ఉంది కదా. జోరు వానలో వద్దు, తుంపర్లలో గొడుగు కింద హాయిగా తీయొచ్చు. కెమెరా మీద ఒక ప్లాస్టిక్ కవర్, జేబులో మెత్తటి బట్టలు రెండు మూడు, లెన్స్ మీద చుక్కలు తుడుస్తూ ఉండటానికి. మరీ గట్టిగా పడుతుంటే కారులోనే కూర్చుని అద్దం మీద జారే నీళ్ల వెనక రంగుల్ని తీయండి, ఫోకస్ చుక్కల మీద పెట్టాలి.

తిరిగి గదికి వెళ్లేటప్పుడు చల్లటి కెమెరాని నేరుగా వెచ్చటి గదిలో బయటికి తీయకండి, లోపలా బయటా నీటి ఆవిరి పట్టేస్తుంది. బయటే బ్యాగులో పెట్టి జిప్ వేసి, గదిలోకి వచ్చాక ఓ గంట అలాగే ఉంచండి. మెమరీ కార్డు మాత్రం ముందే తీసుకోండి, ఆ గంటలో ఫొటోలు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. చలికి బ్యాటరీలు త్వరగా పడిపోతాయి, అదనపువి లోపలి జేబులో ఒంటికి దగ్గరగా పెట్టుకోండి.

కొండగాలి:

సరస్సు ఉత్తర దక్షిణాలుగా ఉందంటే మీకు రెండు పూటలా పని ఉంది. పొద్దున తూర్పు ఒడ్డున నిలబడి పడమటి వైపు చూడండి. వెనక నుంచి వచ్చే తొలి ఎండ ఎదురుగా ఉన్న పడమటి కొండ కొసల మీద ముందు పడి మెల్లగా కిందికి దిగుతుంది, నీళ్లు మాత్రం ఇంకా నీడలోనే ఉంటాయి కాబట్టి ప్రతిబింబం చిక్కగా వస్తుంది. తెల్లవారుజామున గాలి తక్కువ, ఎండ ఎక్కాక అలలు మొదలవుతాయి. సాయంత్రానికి దీనికి ఉల్టా, పడమటి ఒడ్డు నుంచి తూర్పు కొండని చూడాలి.

యాప్‌లో చూపించే సూర్యోదయం టైము అడ్డంకి లేని చదును నేలకి లెక్కేసింది. మీ వెనక కొండ ఉంటే ఎండ మీ దాకా రావడానికి ఇంకా చాలాసేపు పట్టొచ్చు. ఫొటోపిల్స్ లాంటి యాప్‌లో ఆ తేదీకి సూర్యుడు ఎటు నుంచి, ఎంత ఎత్తుకి వస్తాడో చూసుకుని ముందు రోజు మధ్యాహ్నం ఒడ్డు వెంట నడుస్తూ చోటు ఎంచుకోండి, నీళ్లలోకి పొడుచుకొచ్చిన రాళ్లు, చప్టాలు ఉన్న చోటు అయితే ముందుభాగం ఖాళీగా ఉండదు. గడియారాలు గంట వెనక్కి తిప్పే దేశమైతే అది మీ వారంలో పడుతోందేమో చూడండి, అలారం గంట తేడా వస్తుంది.

ప్రతిబింబం ఎప్పుడూ అసలు కొండ కంటే ఒకటి రెండు స్టాప్‌లు ముదురుగా ఉంటుంది. ట్రైపాడ్ మీద మూడు ఎక్స్‌పోజర్లు తీసి పెట్టుకుంటే తర్వాత కలుపుకోవచ్చు. పొద్దున చీకట్లో ఒడ్డు మీదికి నడిచేటప్పుడు హెడ్‌ల్యాంప్ తీసుకెళ్లండి, రాళ్ల మీద ఆకులు జారుతాయి.